ఇరవై నాలుగో గంట

మాచర్ల నుంచి నరసరావుపేట దాకా సాగర్ కుడి కాలువ కింద వరి పెట్టిన రైతును ఎలుక గురించి అడిగితే మంచి మాట ఒక్కటీ రాదు. గట్టు తొలిచి నీరు పోగొడుతుంది. పొట్ట మీదున్న పైరును మొదలు దగ్గర కొరికి పడేస్తుంది. కోతలయ్యాక బొరియ తవ్వి చూస్తే లోపల కంకుల కుప్ప ఉంటుంది. ఆ కుప్ప పక్కన, నమిలిన గడ్డి మీద, ఎర్రటి పిల్లలు ఎనిమిదో పదో కదులుతుంటాయి. ఒంటి మీద వెంట్రుక ఉండదు, కళ్లు తెరుచుకోవు. పల్చటి చర్మం కింద, పొట్టలో, అప్పుడే తాగిన పాలు తెల్లటి మచ్చలా కనిపిస్తాయి.

ఆ పిల్ల తల్లి కడుపులో ఉన్నది మూడు వారాలు, మహా అయితే ఇంకో రెండు రోజులు. అంతకు ముందు అది ఒకే ఒక్క కణం. ఒకటి రెండై, రెండు నాలుగై, ఇప్పుడు వందల కోట్లయ్యాయి. ఎలుకల సంతతి తొందరగా పెరుగుతుందని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. నన్ను ఎన్నాళ్లుగానో పట్టి ఉంచింది ఆ తొందర కాదు, ఆగడం. అంత వేగంతో విభజన చెందిన కణాల్లో చాలా భాగం, పిల్ల ఎదిగే కొద్దీ, ఒక్కొక్కటే పని ఆపేస్తాయి. గుండె కండర కణాలు పుట్టిన కొద్ది రోజులకే దాదాపు శాశ్వతంగా ఆగిపోతాయి. మెదడులోని నాడీకణాల సంగతీ అంతే. కాలేయ కణాలు ఆగుతాయి గానీ, అవసరం వస్తే మళ్లీ మొదలుపెట్టగలవు. పేగు లోపలి పొర, ఎముక మజ్జ మాత్రం చచ్చేదాకా ఆగవు. పెద్ద మనిషి ఒంట్లో రోజుకు సుమారు 33 వేల కోట్ల కణాలు పోయి, వాటి స్థానంలో కొత్తవి వస్తుంటాయి.

ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరు ఎప్పుడు ఆగాలి అన్నది ఎక్కడ తేలుతుంది? ఆ తీర్పులో ముఖ్యమైన పాత్ర ఉన్న ఒక జన్యువు కథ ఈ అధ్యాయం. ఆ జన్యువు పేరు ఈ2ఎఫ్1. ఎలుకలో అది 3వ క్రోమోజోము మీద ఉంది, మనలో 20వ దాని మీద. దాన్ని అర్థం చేసుకునే దారిలో మనకు మొదటి నుంచీ తోడున్నది ఎలుకే.

పొలం ఎలుక కాదు, ప్రయోగశాల ఎలుక. 1906లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో తెల్ల ఎలుకల ఒక వంశాన్ని నిలబెట్టారు. ఆ వంశం వందేళ్ల కిందటే మన దేశానికి, నీలగిరుల్లోని కూనూరుకు చేరింది. అక్కడ రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగం పెరిగి, 1958లో హైదరాబాదు తార్నాకకు మారింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ ఎలుకల సంతతిని అక్కడ ఇప్పటికీ తరం తరం లెక్క రాసి పెంచుతున్నారు. 1996లో ఆ మందలో ఉన్నట్టుండి ఊబకాయంతో పుట్టిన ఎలుకలు కనిపించాయి. మామూలు ఎలుక అరకిలో తూగడమే ఎక్కువ, ఇవి కిలో దాటి పెరిగాయి. మధుమేహం, స్థూలకాయం మీద పనిచేసేవాళ్లకు అవి ఇవాళ్టికీ పెద్ద ఆస్తి. ఇలా వంశం తెలిసిన జంతువు చేతిలో ఉంటేనే ఒక జన్యువు చేసే పనిని మరో జన్యువు పని నుంచి విడదీసి చూడగలుగుతాం.

ఈ2ఎఫ్1 పని చూడటానికి అన్నిటికంటే మంచి చోటు ఎలుక కాలేయం. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వర్ణించిన శస్త్రచికిత్సను ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో దాదాపు అలాగే చేస్తున్నారు. ఎలుకకు మత్తిచ్చి, పక్కటెముకల కింద పొట్ట మధ్యలో చిన్న కోత పెడతారు. ఎలుక కాలేయం తమ్మెలు తమ్మెలుగా విడివిడిగా ఉంటుంది. పిత్తాశయం అసలు ఉండదు కాబట్టి అది అడ్డురాదు. మధ్య తమ్మెను, ఎడమ పక్క పెద్ద తమ్మెను మెల్లగా బయటికి తీసి, మొదలు దగ్గర దారంతో బిగించి కట్టి కోసేస్తారు. అంటే కాలేయంలో మూడింట రెండు వంతులు పోయినట్టే. కోత కుట్టేస్తారు. ఎలుక లేచి తిరుగుతుంది, నీళ్లు తాగుతుంది.

లోపల జరిగేదే అసలు సంగతి. మామూలుగా పెద్ద ఎలుక కాలేయంలో వంద కణాల్లో ఒకటి కూడా విభజన పనిలో ఉండదు. శస్త్రచికిత్స తరువాత కొన్ని గంటల పాటు పైకి ఏమీ తెలియదు. లోపల ఒక జన్యువు తరువాత ఒక జన్యువు మేలుకుంటూ ఉంటాయి. ఇరవై నాలుగో గంట వచ్చేసరికి మిగిలిన కాలేయ కణాల్లో చాలా కణాలు తమ డీఎన్ఏకు నకలు తీస్తూ దొరుకుతాయి. వారం పది రోజుల్లో కాలేయం పాత బరువుకు చేరుతుంది. కోసిన తమ్మెలు మళ్లీ మొలవవు, ఉన్న తమ్మెలే పెద్దవవుతాయి. బరువు సరిపోగానే విభజన ఆగిపోతుంది. హైదరాబాదు ఆసుపత్రుల్లో తండ్రి తన కాలేయంలో ముక్క బిడ్డకు ఇవ్వగలుగుతున్నాడంటే, ఇద్దరిలోనూ అది మళ్లీ పెరుగుతుందన్న ధైర్యం ఇలాంటి ఎలుకల మీద చూసిన దాని నుంచే మొదలైంది.

కణం తన జీవితాన్ని నాలుగు దశలుగా నడుపుతుందని 1953లో హోవర్డ్, పెల్క్ అనే ఇద్దరు చిక్కుడు జాతి మొక్క వేళ్ల మీద పనిచేసి తేల్చారు. పెరిగే దశ, డీఎన్ఏకు నకలు తీసే దశ, సరిచూసుకునే దశ, చీలే దశ. వీటిలో తిరిగి రాలేని మలుపు మొదటి రెండు దశల మధ్య ఉంది. అది దాటాక, బయటి నుంచి పెరుగుదల సంకేతాలు ఆగిపోయినా కణం వెనక్కి రాదు, విభజన పూర్తిచేసి తీరుతుంది. 1974లో ఆర్థర్ పార్డీ ఈ మలుపును గుర్తించాడు. ఎలుక కాలేయంలో శస్త్రచికిత్సకూ ఇరవై నాలుగో గంటకూ మధ్య ప్రతి కణమూ దాటవలసిన మలుపు అదే.

ఆ మలుపు దగ్గర నిలబడ్డది ఈ2ఎఫ్1. ఇది తయారుచేసే ప్రోటీను ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే తానుగా ఏ రసాయనిక పనీ చేయకుండా, ఇతర జన్యువుల మొదట్లో కూర్చుని వాటిని చదివించే ప్రోటీను. డీపీ అనే మరో ప్రోటీనుతో జతకట్టి డీఎన్ఏ మీద టి-టి-టి-సి-జి-సి-జి-సి వంటి ఎనిమిది అక్షరాల వరుస కోసం వెతుకుతుంది. ఆ వరుస ఎక్కడుందో చూస్తే దీని పని ఏమిటో తెలిసిపోతుంది. డీఎన్ఏ తయారీకి కావలసిన ముడిసరుకును సిద్ధం చేసే ఎంజైముల జన్యువుల ముందు ఉంది, నకలు తీసే పాలిమరేజ్ జన్యువు ముందు ఉంది, కణాన్ని ముందుకు తోసే సైక్లిన్-ఈ జన్యువు ముందు ఉంది. ఆఖరికి ఈ2ఎఫ్1 సొంత జన్యువు ముందు కూడా ఉంది. ఒకసారి మొదలైతే తన సంఖ్యను తానే పెంచుకుంటుందన్నమాట. మలుపు దాటాక వెనక్కి రాలేకపోవడానికి ఒక కారణం ఇదే.

దీన్ని కనిపెట్టింది ఎలుక మీద పనిచేస్తూ కాదు, ఒక వైరస్ మీద పనిచేస్తూ. 1986లో జోసెఫ్ నెవిన్స్ బృందం జలుబు తెప్పించే అడినోవైరస్ మీద పనిచేస్తోంది. వైరస్‌కు సొంత సరంజామా చాలదు, తన డీఎన్ఏకు నకళ్లు కావాలంటే అది చొరబడిన కణం నకలు తీసే దశలోకి రావాలి. వైరస్‌లోని ఈ2 అనే జన్యువును మేల్కొలపడానికి కణంలోని ఏదో ప్రోటీను సాయపడుతోందని వాళ్లు పట్టుకున్నారు. ఆ ప్రోటీనుకు ఈ2ఎఫ్ అని పేరొచ్చింది. ఆ తరువాత ఐదేళ్లకు, 1991లో, అదే బృందంలో శ్రీకుమార్ చెల్లప్పన్, తోటివారు ఇంకో సంగతి బయటపెట్టారు. విభజన చెందని కణంలో ఈ2ఎఫ్ లేకపోవడం కాదు, ఉంది, కానీ ఆర్‌బీ అనే మరో ప్రోటీను దాన్ని పట్టుకుని కదలనివ్వడం లేదు. 1992లో ఈ2ఎఫ్1 జన్యువును విడిగా తీసి చదివారు.

సాగర్ కుడి కాలువ మీద తూము చూసినవాళ్లకు ఈ ఏర్పాటు చప్పున అర్థమవుతుంది. కాలువలో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, తలుపు దించి ఉంటే పొలంలోకి రావు. లస్కరు వచ్చి తలుపు ఎత్తాలి. కణంలో ఆర్‌బీ ఆ తలుపు, ఈ2ఎఫ్1 వెనక నిలిచిన నీరు. తలుపు ఎత్తే లస్కరు సీడీకే4 అనే ఎంజైము. సైక్లిన్-డి వచ్చి జతకడితే అది ఆర్‌బీ మీద ఫాస్ఫేటు ముక్కలు అంటిస్తుంది, ఆర్‌బీ పట్టు సడలుతుంది, ఈ2ఎఫ్1 విడుదలవుతుంది. సైక్లిన్-డి ఎప్పుడు రావాలో చెప్పేవి కణం బయటి నుంచి వచ్చే పెరుగుదల సంకేతాలు. అడినోవైరస్ ఈ వరుసనంతా దాటేసి, తన సొంత ప్రోటీనుతో నేరుగా ఆర్‌బీని లాగి పారేస్తుంది.

ఇదంతా నిజమైతే, పెరుగుదల సంకేతాలు లేకుండా కూడా ఈ2ఎఫ్1 ఒక్కటే కణాన్ని మలుపు దాటించగలగాలి. 1993లో నెవిన్స్ బృందం దాన్ని ఎలుక కణాల మీదే పరీక్షించింది. ఎలుక పిండం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టు కణాలవి. ప్రయోగశాలలో కణాలు పెరగాలంటే ద్రవంలో సీరం కలపాలి, పెరుగుదల సంకేతాలు అందులోనే ఉంటాయి. సీరాన్ని దాదాపు తీసేస్తే కణాలు చావవు, విభజన మాత్రం ఆపేసి నిద్రాణంగా పడి ఉంటాయి. అలా పడి ఉన్న కణాల్లోకి ఈ2ఎఫ్1 జన్యువును చొప్పించారు. సీరం లేదు, సంకేతం లేదు. అయినా జన్యువు అందిన కణాలు లేచి డీఎన్ఏకు నకలు తీయడం మొదలుపెట్టాయి. పక్కనున్నవి అలాగే పడి ఉన్నాయి. తలుపు వెనక ఉన్నది ఇదేనని ఆ ఎలుక కణాలు నిరూపించాయి.

ఇక్కడితో ఆగితే ఈ2ఎఫ్1 అంటే విభజన పురిగొల్పే జన్యువు, క్యాన్సరుకు సహాయకారి అని రాసేయవచ్చు. చాలా పాఠ్యపుస్తకాలు అంతే రాస్తాయి. అది సగమే. 1994లో వేర్వేరు బృందాలు చూసింది ఇది: ఈ2ఎఫ్1ను మితిమీరి ఉంచిన కణాలు నకలు తీయడం మొదలుపెట్టి, ఆ తరువాత తమంతట తామే చచ్చిపోయాయి. గాయపడి చచ్చినట్టు కాదు, లోపల రాసి ఉన్న పద్ధతి ప్రకారం డీఎన్ఏను ముక్కలు చేసుకుని, చుట్టుపక్కల వాపు రాకుండా ముడుచుకుని పోవడం. అపోప్టోసిస్ అంటారు. విభజించమని చెప్పే ప్రోటీనే చావమని కూడా చెబుతోంది.

కారణం వెతికితే పద్ధతి కనిపించింది. మామూలు కణంలో నకలు తీసే దశ మొదలయ్యాక సైక్లిన్-ఏ అనే మరో జోడీ వచ్చి ఈ2ఎఫ్1ను డీఎన్ఏ మీద నుంచి దించేస్తుంది, కణం దాన్ని విరగ్గొట్టి పారేస్తుంది. దాని కాలం కొద్ది గంటలే. ఆ గంటలు దాటి ఈ2ఎఫ్1 ఇంకా పనిచేస్తూనే ఉందంటే తలుపు విరిగిందనే అర్థం. అప్పుడు ఈ2ఎఫ్1 మేల్కొలిపే జన్యువుల జాబితా మారుతుంది. ఏఆర్ఎఫ్ అనేది లేస్తుంది, అది పీ53 అనే కాపలా ప్రోటీనును నిలబెడుతుంది, పీ53 కణాన్ని చావు వైపు తోస్తుంది. అదుపు తప్పిన కణం ఒంట్లో మిగలకుండా పెట్టుకున్న ఏర్పాటు ఇది. క్యాన్సర్లలో సుమారు సగంలో పీ53 చెడి ఉండటానికి ఒక కారణం ఇక్కడే ఉంది. తలుపు విరగ్గొట్టడం ఒక్కటే చాలదు, కాపలాను కూడా దాటాలి.

ఎలుక గుండె ఈ రెండు ముఖాలనూ ఒకేచోట చూపించింది. గుండెపోటు వచ్చినప్పుడు చచ్చిన కండరం మళ్లీ పెరగదు, అక్కడ మచ్చ కడుతుంది. కాలేయానికి ఉన్న శక్తి గుండెకు ఉంటే ఎంత బాగుండునని అనుకోని హృద్రోగ నిపుణుడు ఉండడు. 1996లో కిర్షెన్‌బామ్, ష్నైడర్ బృందం ఎలుక పిల్లల గుండె కండర కణాలను పెంచి, వాటికి ఈ2ఎఫ్1 జన్యువును అందించింది. ఆగిపోయిన కణాలు మళ్లీ డీఎన్ఏకు నకలు తీశాయి. కానీ గుండె కణాన్ని గుండె కణంగా ఉంచే జన్యువులు అదే సమయంలో అణిగిపోయాయి, కణాలు చావడం కూడా మొదలైంది. కాలేయం దాటగలిగిన మలుపును గుండె దాటలేకపోవడానికి ఒక్క తలుపే అడ్డు కాదని ఆ ఎలుక పిల్లల కణాలు చెప్పాయి. గుండెను మళ్లీ పెంచాలన్న పని ఇప్పటికీ సాగుతూనే ఉంది, చావమనే ఈ రెండో ఆజ్ఞ నోరు మూయించే దారులు వెతుకుతున్నారు.

అదే 1996లో రెండు బృందాలు ఈ2ఎఫ్1 జన్యువే లేని చుంచెలుకలను పుట్టించాయి. విభజన పురిగొల్పే జన్యువు లేకపోతే జంతువు బతకదని, బతికినా క్యాన్సరు రాదని అనుకోవడం సహజం. అవి బతికాయి, పిల్లల్ని కన్నాయి. వయసు పెరిగే కొద్దీ వాటికి గడ్డలు వచ్చాయి. వృషణాలు కుంచించుకుపోయాయి. రోగనిరోధక టి-కణాలు, చావవలసినవి చావక, పేరుకుపోయాయి. చావమనే ఆజ్ఞ లేని లోటు అది. మరోవైపు కాలేయంలో ఈ2ఎఫ్1ను మితిమీరి ఉంచిన చుంచెలుకలకు కాలేయ క్యాన్సరు వచ్చింది. లేకపోతే గడ్డ, ఎక్కువైతే గడ్డ. ఈ విషయంలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఈ2ఎఫ్1 లేని చుంచెలుకల కాలేయం కోసినా, అది దాదాపు మామూలుగానే తిరిగి పెరిగింది. ఈ2ఎఫ్ కుటుంబంలో ఎనిమిది జన్యువులున్నాయి, ఒకరు లేకపోతే ఆ పనిని తక్కినవారు అందుకుంటారు. విభజన అంత ముఖ్యమైన పని కాబట్టే ప్రకృతి దాన్ని ఒక్కరి చేతిలో పెట్టలేదు.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. ఈ కథలో తలుపుకు పైనా కిందా తెలుగువాళ్ల చేతులున్నాయి. ఈ సంగతి మన పిల్లల పాఠాల్లో లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పైన ఉన్నది ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన పరిశోధకుడు. ఆయన పని కూడా ఎలుకతోనే ముడిపడింది. 1964లో జెన్నిఫర్ హార్వీ అనే పరిశోధకురాలు ఎలుకల గుండా వచ్చిన ఒక వైరస్ గడ్డలు పుట్టిస్తోందని గమనించింది. ఆ వైరస్ ఎలుక కణాల నుంచి ఎత్తుకొచ్చిన జన్యువుకే రాస్ అని పేరు పెట్టారు. మనిషి మూత్రాశయ క్యాన్సరు కణాల్లో అదే జన్యువు దొరికింది. మామూలు రాస్‌కూ క్యాన్సరు రాస్‌కూ తేడా ఏమిటి? 1982లో మూడు బృందాలు ఒకేసారి సమాధానం చెప్పాయి. అందులో ఒక పత్రానికి మొదటి రచయిత ప్రేమ్‌కుమార్ రెడ్డి. తేడా ఒకే ఒక్క అక్షరం. జి ఉండవలసిన చోట టి వచ్చింది, ప్రోటీనులో పన్నెండో స్థానంలో గ్లైసిన్ బదులు వాలిన్ చేరింది. అంతే, పెరుగుదల సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంది. మనిషి క్యాన్సరుకు కారణం ఒక జన్యువులో ఒక్క అక్షరం మారడమని చూపించడం అదే మొదలు. ఆ ఆగని సంకేతం చివరికి వెళ్లి చేరేది సైక్లిన్-డి దగ్గరికి, అక్కడి నుంచి తలుపు దగ్గరికి. 1987లో మొదలైన ఆంకోజీన్ అనే శాస్త్ర పత్రిక స్థాపనలోనూ ఆయన చెయ్యి ఉంది.

ఆయన అక్కడితో ఆగలేదు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1999లో తలుపు ఎత్తే సీడీకే4 జన్యువే లేని చుంచెలుకలను పుట్టించింది. అవి చిన్నగా పెరిగాయి, సంతానం లేకపోయింది. ఎవరూ అనుకోనిది ఇంకొకటి జరిగింది: వాటికి మధుమేహం వచ్చింది. క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాలు సరిపడా పెరగలేదు. సీడీకే4ను ఆపలేని విధంగా మార్చిన చుంచెలుకల్లో బీటా కణాలు కుప్పలుగా పెరిగాయి. తరువాత ఫ్రాన్సులో లూయీ ఫహాస్, తోటి పరిశోధకులు ఈ దారిని ఈ2ఎఫ్1 దాకా తీసుకెళ్లారు. ఈ2ఎఫ్1 లేని చుంచెలుకల క్లోమం చిన్నది, ఇన్సులిన్ విడుదల తక్కువ. కణ విభజన కోసం ఉన్నదనుకున్న జన్యువు, విభజన లేని బీటా కణంలో చక్కెరకు స్పందించి ఇన్సులిన్ వదిలే పనిలో కూడా చేరి ఉంది. ఇంటింటికీ చక్కెర వ్యాధి ఉన్న మన జిల్లాల్లో ఈ దారిని గురించి తెలుసుకోవలసినది చాలా ఉంది.

తలుపుకు కింద, నీరు పొలంలోకి దిగే చోట, ఉన్నది యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరిన మనిషి. న్యూయార్కు రాష్ట్రంలో పర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాని రూపాన్ని కొద్దిగా మార్చి, కణాన్ని మోసగించే అమినోప్టెరిన్‌ను 1947లో తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియాతో చావుకు దగ్గరైన పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో అచ్చయిన ఆయన నివేదికలో 16 మంది పిల్లలున్నారు. వారిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందే లేదు. ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ మందు కణంలో ఎక్కడ దెబ్బ తీస్తుందో పదేళ్ల తరువాత గానీ తెలియలేదు. డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమును అది పట్టేస్తుంది. ఆ ఎంజైము లేకపోతే డీఎన్ఏలో టి అక్షరానికి ముడిసరుకు తయారు కాదు, నకలు మధ్యలో నిలిచిపోతుంది. 1989లో తేలిన సంగతి ఇంకా గొప్పది: డీహెచ్ఎఫ్ఆర్ జన్యువు సరిగా మేల్కొనాలంటే దాని ముందు కూర్చోవలసినది ఈ2ఎఫ్. ఎలుక కాలేయం ఇరవై నాలుగో గంటకు నకలు తీస్తున్నప్పుడు ఈ2ఎఫ్ ఆజ్ఞ మీద పెరిగే ఎంజైముల్లో ఇదొకటి. ఈ2ఎఫ్ అనే మాట పుట్టడానికి నలభై ఏళ్ల ముందే సుబ్బారావు బృందం దాని పనిముట్టును పట్టుకుని ఆపింది. అమినోప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్ ఇవాళ నరసరావుపేట మందుల షాపులో దొరుకుతుంది, కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకునే మాత్రగా చాలామంది వాడుతున్నారు. క్యాన్సరులో అది కొందరికి ఎందుకు పనిచేయదన్న ప్రశ్నకూ ఇదే దారిలో సమాధానం ఉంది. ఆర్‌బీ పోయిన గడ్డల్లో ఈ2ఎఫ్ అదుపు లేకుండా ఉంటుంది, డీహెచ్ఎఫ్ఆర్ కుప్పలుగా తయారవుతుంది, మందు అంతటినీ పట్టలేకపోతుంది. 1995లో జోసెఫ్ బెర్టినో బృందం మనిషి సార్కోమా కణాల్లో దీన్ని చూపించింది.

పల్నాటి మిర్చికి కూడా ఈ కథలో ఒక చిన్న చోటుంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. కారానికి మూలమైన క్యాప్సైసిన్‌కు స్పందించి నాలుక మీద మంట పుట్టించే గ్రాహకం జన్యువును 1997లో డేవిడ్ జూలియస్ బృందం విడదీసింది. అది దొరికింది ఎలుక నాడీకణాల్లోనే. 2021 నోబెల్ బహుమతిలో జూలియస్ వాటా ఆ పనికే వచ్చింది. పక్షుల్లో ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు, అందుకే చిలకలు పండు మిరపకాయలను హాయిగా తింటాయి. 2010లో అమెరికాలోని మార్షల్ విశ్వవిద్యాలయంలో పియాలీ దాస్‌గుప్తా బృందం క్యాప్సైసిన్‌ను ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సరు కణాల మీద పరీక్షించింది. ఆ రకంలో ఆర్‌బీ దాదాపు ఎప్పుడూ చెడి ఉంటుంది. క్యాప్సైసిన్ అందిన కణాల్లో ఈ2ఎఫ్ మేల్కొలిపే జన్యువులు తగ్గాయి, పెరుగుదల మందగించింది, చుంచెలుకల్లో పెంచిన గడ్డలు కూడా చిన్నబోయాయి. దీన్ని పట్టుకుని తేజ రకం మిర్చి కారం ఎక్కువ తింటే క్యాన్సరు రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ప్రయోగశాలలో కొలత చూసి ఇచ్చిన శుద్ధ రసాయనం వేరు, కూరలో పడ్డ కారం వేరు. కల్లంలో మిరప తడిసి బూజు పడితే వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయానికి ఎంత చేటు చేస్తుందో మళ్లీ ఎలుకలే చూపించాయి. కాయను సరిగా ఆరబెట్టడం వల్ల వచ్చే మేలు, కారం ఎక్కువ తినడం వల్ల వస్తుందనుకునే మేలు కంటే ఖాయమైనది.

తలుపును మూసి ఉంచే మందులు మాత్రం వచ్చేశాయి. సీడీకే4ను, దాని జత ఎంజైమును ఆపే పాల్బోసిక్లిబ్‌ను 2015 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రొమ్ము క్యాన్సరుకు అనుమతించింది. లస్కరు చెయ్యి పట్టుకుంటే తలుపు లేవదు, ఈ2ఎఫ్1 వెనకే ఉండిపోతుంది. ఆర్‌బీ బాగున్న గడ్డలోనే ఇది పనిచేస్తుంది, తలుపే లేని చోట లస్కరును ఆపి లాభం లేదు. మన దేశంలో పేటెంటు గడువు 2023లో తీరాక జనరిక్‌లు వచ్చి ధర బాగా దిగింది.

ఆర్‌బీ తలుపు పుట్టుకతోనే బలహీనంగా ఉండే పిల్లలుంటారు. ఆర్‌బీ జన్యువును 1986లో కనిపెట్టింది వాళ్ల కంటి జబ్బు వల్లే. రెటినోబ్లాస్టోమా, కంటి వెనక పొరలో వచ్చే క్యాన్సరు. సుమారు 15 నుంచి 20 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది, చాలా భాగం ఐదేళ్ల లోపే. రెండు ఆర్‌బీ ప్రతుల్లో ఒకటి తల్లిదండ్రుల నుంచి చెడి వచ్చి, రెండోది కంటి కణంలో పోతే గడ్డ మొదలవుతుందని 1971లో ఆల్ఫ్రెడ్ నుడ్‌సన్ లెక్కగట్టి చెప్పాడు. ఒక ఆర్‌బీ ప్రతి చెడిన చుంచెలుకలను పుట్టించి చూస్తే, వాటికి కంట్లో రాలేదు, మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వచ్చింది. ఎలుక జాతి మనిషి కాదు, అది మరిచిపోకూడదు. కానీ అదే చుంచెలుకల్లో ఈ2ఎఫ్1ను కూడా తీసేస్తే గడ్డలు తగ్గాయి, ఆయుష్షు పెరిగిందని 1998లో తేలింది. తలుపు విరిగినప్పుడు ముంచేది ఏదో అప్పుడు రూఢి అయింది.

ఈ జబ్బును పసిగట్టేది డాక్టరు కంటే ముందు తల్లే. పిల్ల కంటిపాప మధ్యలో, వెలుతురు ఒక వైపు నుంచి పడ్డప్పుడు, తెల్లటి మెరుపు కనిపిస్తుంది. ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే ఒక కన్ను ఎర్రగా, ఇంకో కన్ను తెల్లగా పడుతుంది. కొందరు పిల్లి కన్నని, కలిసొస్తుందని వదిలేస్తారు. కొత్తగా వచ్చిన మెల్లకన్ను కూడా సూచనే. తొలిదశలో పట్టుకుంటే మంచి వైద్యం అందిన చోట నూటికి తొంభై మందికి పైగా పిల్లలు బతుకుతారు, చాలామందికి కన్ను కూడా నిలుస్తుంది. ఆలస్యమైతే కన్ను తీయవలసి వస్తుంది, ఇంకా ఆలస్యమైతే ప్రాణం పోతుంది. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి విజయవాడ దగ్గర తాడిగడపలో శాఖ ఉంది, గురజాల నుంచైనా ఒక్క పూటలో చేరవచ్చు. ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బు వచ్చి ఉంటే తరువాతి బిడ్డను పుట్టిన వారాల్లోనే చూపించాలి, ఆర్‌బీ జన్యువు పరీక్ష గురించి డాక్టరును అడగాలి.